దారిలో బండి ఆగినప్పుడు
(ఏటూరునాగారంలో జరిగిన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ప్రతి సంవత్సరం ఈ సభలో మమ్మల్ని లేపి నిలబెడితే పిల్లల చదువుల గురించి, ఉర్దూ మీడియం బడిలో తగ్గిపోతున్న సంఖ్య గురించి మాట్లాడుతూ వచ్చినాము. ఈసారి ఆ సంగతి కాదు, రోడ్డు సంగతి మాట్లాడుతామని ముందుగానే చెప్పినాము. కార్యదర్శిగారు నవ్వి, "మాస్టర్ సాబ్, మీరు స్కూటీ తప్ప ఏమీ నడపరు గదా" అన్నారు. ఆ మాట నిజమే. కాని మన జమాత్ లో ఇండ్లు లెక్కబెట్టి చూడండి. ఆటో ఎవరు నడుపుతున్నారు? డీసీఎం మీద, టాటా ఏస్ మీద ఎవరి పిల్లలున్నారు? ఇసుక లారీల మీద డ్రైవరుగా, క్లీనరుగా వెళ్ళేవారు ఎవరు? ట్రాక్టరు కిరాయికి తిప్పేవారు, జాతరకు టాక్సీ తోలేవారు, మెకానిక్కులు, పంచర్ దుకాణాలవారు, వీరందరినీ కలిపితే ఈ హాల్లో సగం మంది ఇండ్లలో పొయ్యి స్టీరింగు మీదనో, టైరు మీదనో మండుతున్నది. అందుకని ఈ విషయం మన సంఘం విషయమే. స్కూటీ వాడు మాట్లాడినా తప్పులేదు.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. బండి చెడిపోవడం వల్ల మనిషి చావడు. చెడిపోయి నిలబడిన బండి వెనుక వచ్చేవాడికి కనబడకపోవడం వల్ల చస్తాడు. టైరు పేలడం, ఆక్సిల్ విరగడం, క్లచ్ ప్లేటు పోవడం మన చేతిలో సగమే ఉన్నవి. కనబడేట్టు చేయడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉన్నది.

మన రోడ్డు సంగతి మీకు చెప్పనక్కరలేదు. జిల్లా పేరు వరంగల్ నుంచి 2016లో జయశంకర్ భూపాలపల్లి అయినది, 2019 ఫిబ్రవరిలో ములుగు అయినది. రోడ్డు నంబరు కూడా 202 పోయి 163 వచ్చినది. కాని పస్రా దాటినాక తాడ్వాయి అడవిలో చీకటి మాత్రం మారలేదు. అటు చెట్లు, ఇటు చెట్లు, మధ్యలో తారు. కొన్ని మలుపుల దగ్గర ఫోనుకు సిగ్నల్ అందదు. కమలాపురం ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, అంటే 2014లో ఆగిపోయేవరకు, ఈ దారి నిండా కర్ర లారీలు ఉండేవి. ఇప్పుడు గోదావరి ఇసుక లారీలు. ముల్లకట్ట దగ్గర వంతెన పడ్డాక ఛత్తీస్‌గఢ్ బండ్లు కూడా ఇటే వస్తున్నవి. పత్తి, మిర్చి, వడ్ల ట్రాక్టర్లు సరేసరి. ఇక రెండేళ్ళకొకసారి మేడారం జాతర వస్తే రాష్ట్రం రాష్ట్రమంతా ఈ దారినే వస్తుంది. 2024 ఫిబ్రవరిలో 21 నుంచి 24 వరకు జాతర జరిగింది. నాలుగు రోజులూ, ఆ ముందు వెనుక రోజులూ రాత్రి పగలు తేడా లేకుండా బండ్లే. రోడ్డు పక్కన ఎన్ని బండ్లు చెడిపోయి నిలబడ్డవో తాడ్వాయి వైపు తిరిగేవారందరూ చూసినారు.

ఇట్లా ఆగిన బండి ఎంత పని చేస్తుందో రెండు సంఘటనలు చెబుతాము. 2024 ఏప్రిల్ 25న తెల్లవారుజామున, మన రాష్ట్రంలోనే సూర్యాపేట జిల్లా కోదాడ దగ్గర దుర్గాపురం వద్ద, విజయవాడ రోడ్డు మీద ఆగి ఉన్న లారీని వెనుక నుంచి వచ్చిన కారు గుద్దింది. ఒకే కుటుంబంలో ఆరుగురు పోయినారు. 2025 నవంబరు 2న రాజస్థాన్ లో ఫలోదీ దగ్గర తీర్థయాత్ర నుంచి తిరిగివస్తున్నవారి టెంపో ట్రావెలర్ బండి ఆగి ఉన్న ట్రైలర్ లారీకి వెనుక నుంచి కొట్టుకుంది. పదిహేను మంది చనిపోయినారు, ఎక్కువమంది ఆడవారు. సుప్రీం కోర్టు ఎవరూ పిటిషన్ వేయకుండానే, తనంతట తాను ఆ సంగతి విచారణకు తీసుకున్నది. ఈ రెండింటిలో ఎవరి తప్పు ఎంత అన్నది కోర్టులు, పోలీసులు తేల్చుకుంటారు. మనకు కావలసినది ఒక్క సంగతి: రెండుచోట్లా ఎదురుగా వచ్చిన బండి ఏదీ లేదు. కదలకుండా నిలబడ్డ ఇనుము అది.

మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయినారని కేంద్ర రవాణా శాఖ వారే లెక్క వేసినారు. ఈ అంకె బోర్డు మీద రాస్తే తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చదవడానికి తడబడినారు.

ఆ తొమ్మిదో తరగతిలోనే ఒక లెక్క చేయించినాము. మీరూ వినండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. ముందు ఏదో ఉన్నదని కండ్లు చూసి, మనసు గ్రహించి, కాలు బ్రేకు మీదికి పోయేసరికి సుమారు సెకనున్నర పడుతుంది. అంటే బ్రేకు తొక్కకముందే 33 మీటర్లు అయిపోయినవి. ఆ తర్వాత మంచి బ్రేకులు, పొడి రోడ్డు అయితే ఆగడానికి ఇంకో 45, 50 మీటర్లు. మొత్తం 80 మీటర్ల పైమాటే. వాన పడితే, లోడు ఉంటే, టైర్లు అరిగితే ఇంకా ఎక్కువ. ఇప్పుడు చెప్పండి, ఎదురు బండికి డిమ్ కొట్టినప్పుడు మన లైటు వెలుగులో ఎంత దూరం సరిగ్గా కనబడుతుంది? యాభై మీటర్లు కనబడితే గొప్ప. కనబడేది యాభై, ఆగడానికి కావలసింది ఎనభై. మధ్యలో ఆ ముప్పై మీటర్లే మన పిల్లల్ని తీసుకుపోతున్నవి. గంటకు 60 మీద వెళ్ళినా ఆగడానికి 50 మీటర్లు దాటుతుంది. లెక్క పూర్తయినాక ఒక పిల్లవాడు లేచి, "సార్, అయితే డ్రైవరు తాగకపోయినా, నిద్రపోకపోయినా కూడా గుద్దుతాడా?" అని అడిగినాడు. అవును, గుద్దుతాడు. దుమ్ము పట్టిన లారీ వెనుక భాగం, నల్ల తాడిపత్రి, బురద కప్పిన లైట్లు. చీకట్లో చీకటి లాగానే ఉంటుంది.

అందుకని ఆగిన బండి దగ్గర కాదు, దానికి చాలా వెనుక గుర్తు ఉండాలి. ఈ తెలివి మనవాళ్ళకు లేకపోలేదు. బండి ఆగితే క్లీనరు దిగి అడవిలో కొమ్మలు విరిచి రోడ్డు మీద వేస్తాడు, పెద్ద రాళ్ళు వరుసగా పెడతాడు. మా చిన్నప్పటి నుంచి చూస్తున్నాము. పగటిపూట అది కొంత పనికి వస్తుంది. రాత్రిపూట పచ్చికొమ్మ నల్లగా ఉంటుంది, రాయి తారులో కలిసిపోతుంది. ఇంకో సంగతి, బండి బాగయినాక "చలో, చలో" అని అందరూ ఎక్కి వెళ్ళిపోతారు. కొమ్మలు, రాళ్ళు అక్కడే ఉంటవి. తెల్లవారుజామున పాలు పోయడానికో, కూలికో మోటారు సైకిలు మీద వచ్చేవాడు ఆ రాయి మీద పడతాడు. దారిలో నుంచి బాధపెట్టే వస్తువును తొలగించడం సదఖా అని మన పిల్లలకు మదరసాలో మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. మరి ఆ వస్తువును మనమే తెచ్చి పెట్టి, మనమే వదిలిపెట్టి పోతే దాన్ని ఏమనాలి? ఈ మాట కొందరికి చేదుగా ఉండవచ్చు. అయినా చెప్పక తప్పదు.

మా బడిలో చదువుకున్న ఒక అబ్బాయి సంగతి ఇక్కడ చెప్పాలి. పేరు చెప్పము, వాళ్ళ నాన్నగారు ఈ సభలోనే ఉన్నారు, ఆయన అనుమతితోనే చెబుతున్నాము. పదో తరగతి తర్వాత ఆ అబ్బాయి లారీ మీద క్లీనరుగా పోయినాడు. ఒక రాత్రి వెనుక టైరు పేలి బండి ఆగింది. డ్రైవరు జాకీ తీస్తున్నాడు. అబ్బాయి రాళ్ళు తెచ్చి, లారీకి పదిహేను అడుగుల వెనుక రోడ్డు వైపు వీపు పెట్టి, వంగి పేరుస్తున్నాడు. ఒంటి మీద నల్ల చొక్కా. వచ్చినవాడు లారీని చూసినాడు గాని, లారీ ముందు వంగి ఉన్న మనిషిని చూడలేదు. ప్రాణం మిగిలింది, ఎడమ కాలు మోకాలి దాకా పోయింది. ఇప్పుడు ఆ అబ్బాయి సెల్ ఫోన్ల రిపేరు దుకాణంలో కూర్చుంటున్నాడు, పని బాగా చేస్తాడు. ఆ లారీలో స్టెప్నీ ఉన్నది, జాకీ ఉన్నది, టేప్ రికార్డరు, అద్దం చుట్టూ పూలదండలు, రంగు బల్బులు ఉన్నవి. ఎర్ర త్రికోణం లేదు. అది లేకుండా ఆ బండి ఎన్ని చెక్ పోస్టులు దాటిందో, ఎవరూ అడగలేదు.

ఈ త్రికోణం ఏమిటో తెలియనివారు ఉంటే చెబుతాము. కారు వాళ్ళు ట్రయాంగిల్ అంటారు. మూడు వైపులా సుమారు అర మీటరు ఉంటుంది, మడిస్తే చిన్న డబ్బాలో పట్టుతుంది. ఎర్రటి అంచు మీద పడిన వెలుగును అది ఎటో చిమ్మకుండా, వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. అందుకే లైటు వేసుకుని వచ్చే డ్రైవరుకు అది మండుతున్నట్టు కనబడుతుంది, పక్కన నిలబడి చూసేవారికి అంతగా కనబడదు. మనవాళ్ళు బండి వెనుక అంటించే 'రేడియం' పని కూడా ఇదే. అందులో రేడియం ఏమీ లేదు, పేరు అట్లా స్థిరపడిపోయింది. బ్యాటరీ అక్కరలేదు, నూనె అక్కరలేదు. దీనికి మన దేశంలో ఏఐఎస్ 022 అని ఒక ప్రమాణం ఉన్నది. కొనేటప్పుడు డబ్బా మీద ఆ గుర్తు చూసుకోండి. ఉత్త ఎర్ర ప్లాస్టిక్ ముక్కలు కూడా అదే పేరుతో అమ్ముతున్నారు.

చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం బండిని ఇతరులకు అపాయం కలిగేటట్టు రోడ్డు మీద నిలిపి ఉంచకూడదు. బండి చెడిపోయింది గదా అంటే, చెడిపోయినదాన్ని అపాయం లేకుండా చూసే బాధ్యత కూడా ఆ బండి చూసుకునేవాడిదే. కొత్త కారు కొంటే కంపెనీవారే త్రికోణం, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఇస్తారు. సరుకు బండ్లకు వెనుక ఎర్ర టేపు, ముందు తెల్ల టేపు, పక్కల పసుపు టేపు ఉండాలని నియమం. కాగితం మీద అంతా బాగానే ఉన్నది. మన దగ్గర కార్లున్న పెద్దమనుషులను అడిగినాము. "ఉన్నదండీ, డిక్కీలో ఎక్కడో ఉన్నది" అన్నారు. స్టెప్నీ కింద, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, పెళ్ళి సామాన్ల కింద ఉన్నది. రాత్రి పన్నెండు గంటలకు, వానలో, పిల్లలు ఏడుస్తుంటే అది ఎట్లా తీస్తారు? ఆటోల్లో, ట్రాక్టరు తొట్లలో అయితే మాకు ఒక్కటీ కనబడలేదు. ట్రాక్టరు తొట్టికి వెనుక లైటే ఉండదు, త్రికోణం మాట దేవుడెరుగు.

ఓనర్లకు ఒక మాట. త్రికోణం డ్రైవరు కొనుక్కోవాలా, ఓనరు కొనాలా అని ఇక్కడ ఒకరు మమ్మల్ని అడిగినారు. బండి ఎవరిదో వారే కొనాలి. డ్రైవరు బత్తాలో నుంచి కోయడం ధర్మం కాదు. పైగా ఇది ఓనరుకే లాభం. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. చీకటి పడినాక నడిరోడ్డు మీద ఇండికేటరు గాని, పార్కింగ్ లైటు గాని లేకుండా నిలిపిన గ్యాస్ ట్యాంకరును ఒక కారు గుద్దింది. కారు నడిపినవాడిది సగం తప్పు అని హైకోర్టు అన్నది. సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు, తప్పంతా అట్లా నిలిపినవాడిదే అన్నది. కొన్ని వందల రూపాయల వస్తువు లేకపోయిన పాపానికి లక్షల కేసు నెత్తిన పడుతుంది. ఆ కేసు పదేండ్లు నడిస్తే వకీలుకు ఇచ్చేదెంతో ఇక్కడున్న ఇద్దరు ముగ్గురికి బాగా తెలుసు.

బయటి దేశాల సంగతి గల్ఫ్ లో డ్రైవరుగా పనిచేసి వచ్చిన మన తమ్ముళ్ళు చెబుతుంటారు. అక్కడ త్రికోణం లేకుండా బండి తీయడానికి భయపడేవారు, ఇక్కడికి వచ్చినాక ఎందుకో ఆ భయం పోతుంది! జర్మనీలో త్రికోణంతో పాటు మెరిసే జాకెట్టు కూడా 2014 జులై నుంచి ప్రతి కారులో ఉండవలసిందే. ఇంగ్లండులో అయితే మామూలు రోడ్డు మీద 45 మీటర్ల వెనుక పెట్టమంటారు, పెద్ద మోటారు వేల మీద మాత్రం అసలు పెట్టవద్దంటారు. ఎందుకంటే పెట్టడానికి నడిచి వెళ్ళేవాడినే బండ్లు కొడుతున్నవి. స్పెయిన్ దేశం ఇదే కారణంతో 2026 జనవరి 1 నుంచి త్రికోణం బదులు బండి కప్పు మీద పెట్టే పసుపు రంగు మెరుపు దీపం తప్పనిసరి చేసింది. చేయి బయటపెట్టి కప్పు మీద అంటిస్తే చాలు. మంచి ఆలోచనే. మనకు అది వచ్చేసరికి ఎంత కాలమో. అప్పటిదాకా త్రికోణమే గతి. కాని వారి భయంలో మనకు పాఠం ఉన్నది: త్రికోణం పెట్టేవాడి ప్రాణం కూడా లెక్కలో ఉండాలి. మా పాత విద్యార్థి కాలు పోయింది అక్కడే గదా.

అందుకని బండి ఆగితే చేయవలసినది మా డ్రైవరు సోదరులతో కూర్చుని మష్వరా చేసి తేల్చుకున్నాము. బండి ఇంకా దొర్లుతుంటే, వీలైనంత వరకు తారు దిగి ఎడమ పక్కకు తీయాలి. మలుపులో, ఎత్తు మీద ఆగే బదులు పాడైన టైరు మీదనే నాలుగడుగులు ముందుకు పోనివ్వండి. రిమ్ము పోతే పోనీ. నాలుగు ఇండికేటర్లు ఒకేసారి కొట్టుకునే బటన్ వేయాలి. లోపలున్నవారు, ముఖ్యంగా పిల్లలు, రోడ్డు లేని వైపు నుంచి దిగి, చెట్ల వైపు దూరంగా నిలబడాలి. బండి వెనుక గాని ముందు గాని నిలబడి ముచ్చట్లు పెట్టకూడదు. మన ఆడవారు చీకట్లో అడవి పక్కన నిలబడడానికి భయపడి బండిలోనే కూర్చుంటామంటారు. పాము భయం అందరికీ ఉన్నదే, కాని ఆ వేళ లారీ భయమే ఎక్కువ ఉండాలి.

త్రికోణం పెట్టేవాడు మెరిసే జాకెట్టు తొడుక్కుని, త్రికోణాన్ని విప్పి ఛాతీ ముందు పట్టుకుని, తారు మీద కాదు, పక్క మట్టి మీద, వచ్చే బండ్లకు ఎదురుగా నడవాలి. మీటర్లు ఎవరూ కొలవరు గనుక అంగలు చెబుతాము. మామూలు మనిషి డెబ్బై అంగలు వేస్తే యాభై మీటర్లు. మన 163 మీద అది చాలదు. బండ్లు 80 మీద వస్తున్నవి గనుక వంద, నూట ఇరవై అంగలు పోవాలి. మలుపు ఉంటే మలుపుకు అవతల, అంటే వచ్చేవాడు మలుపు తిరగకముందే చూసేటట్టు పెట్టాలి. మలుపు తిరిగినాక పెట్టిన త్రికోణం పెట్టనట్టే. గాలికి పడకుండా కాళ్ళ మీద చిన్న రాయి పెట్టండి. వెళ్ళేటప్పుడు ఆ రాయిని కూడా తీసేయండి. తర్వాత ఫోను: జాతీయ రహదారి సాయానికి 1033, దెబ్బలు తగిలితే 108. సిగ్నల్ లేకపోతే దాటివెళ్ళే బస్సు డ్రైవరుకు చెప్పి పంపండి, ఆర్టీసీ డ్రైవర్లు ఈ విషయంలో మంచివారు.

ఇంకొక భయం. దారిలో ప్రమాదం చూసి ఆగితే మనమీదికి వస్తుందని, పోలీసు స్టేషన్ చుట్టూ తిప్పుతారని మనవాళ్ళు ఆగరు. ఆ రోజులు పోయినవి. 2019లో చట్టానికి 134-ఎ అని కొత్త సెక్షన్ చేర్చినారు. గాయపడ్డవారికి మంచి మనసుతో సాయం చేసినవారి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం కూడా చేయకూడదు. నిర్భయంగా ఆగండి. కాని మీ బండిని కూడా చూసుకుని ఆపండి. సాయానికి వచ్చిన బండి రెండో ప్రమాదానికి కారణం కాకూడదు.

ఇక మన సంఘం చేయగలిగింది. జకాత్ పైసలు దీనికి వాడకూడదు, వాటికి హక్కుదారులు వేరే ఉన్నారు. ఈ మాట ముందే స్పష్టం చేస్తున్నాము, తర్వాత వాదన రాకుండా. వేరే చందా వేసుకోవాలి. మొదటి విడత మన ఊరి నుంచి పస్రా వరకు రోడ్డు మీద ఉన్న పంచర్ దుకాణాలకు రెండేసి త్రికోణాలు, ఒక్కొక్క మెరిసే జాకెట్టు ఇద్దామని మా ఆలోచన. అడవిలో బండి ఆగితే మొదటి ఫోను పోయేది పంచర్ అబ్బాయికే గదా. అతడు పనిముట్ల సంచితో పాటు ఇవి కూడా పట్టుకుపోతాడు, పని అయినాక తిరిగి తెస్తాడు. దుకాణం ఎవరిదని చూడనక్కరలేదు. మనదైనా, కేరళవారిదైనా, ఎవరిదైనా ఇద్దాము. చీకట్లో వచ్చే లారీ కూడా అది చూడదు. రెండో విడత మన సభ్యుల ఆటోలకు, ట్రాక్టరు తొట్లకు ఎర్ర టేపు. త్రికోణం మాత్రం సభ్యులే కొనుక్కోవాలి, సంఘం హోల్‌సేల్ ధరకు తెప్పించి ఇస్తుంది. ఊరికే ఇస్తే అది కూడా డిక్కీలో పెళ్ళి సామాన్ల కిందికే పోతుందని మా అనుమానం. కొనుక్కున్నవారు సీటు వెనుక, చేయి చాస్తే అందేచోట పెట్టుకోవాలి. మేము దారిలో కనబడిన ప్రతి బండినీ ఆపి "తీసి చూపించండి" అని అడుగుతాము. మాస్టరు అలవాటు, పోదు.

వచ్చే శుక్రవారం జుమా నమాజు తర్వాత మసీదు వరండాలో కార్యదర్శిగారు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. బండి నంబరు, రకం రాయించండి. ట్రాక్టరు ఉన్నవారు తొట్టి వెనుక తలుపు వెడల్పు టేపుతో కొలుచుకుని రావాలి, అంగుళాల్లో చెప్పినా సరే. రేడియం టేపు చుట్టల్లో వస్తుంది, ఎన్ని చుట్టలు తెప్పించాలో అప్పుడే లెక్క తేలుతుంది. ఖుదా హాఫిజ్.